తిన్నట్టు కాని తిండి

పెళ్ళి భోజనాల దగ్గర నన్ను చూడగానే మా ఏలూరు జనం రెండు పనులు చేస్తారు. మొదటిది, చేతిలో ఉన్న బూరెని చప్పున విస్తట్లో పెట్టెయ్యడం. రెండోది, దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడగడం. "మేడమండీ, ఆ తక్కువ కేలరీల స్నాక్స్ తింటే నిజంగా ఒళ్ళు తగ్గుతుందంటారా?"

నేను డైటీషియన్ని. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. వారానికోసారి తాడేపల్లిగూడెం క్లినిక్కుకీ వెళ్ళేదాన్ని. ఆ ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పను. చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గర అమ్మడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇది ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఏ గింజలో ఎంత పిండి, ఎంత మాంసకృత్తు అన్నది మీకు నాకంటే బాగా తెలుసు. అది నేను చెప్పను. నాకు కోపం ఎక్కువని ఆసుపత్రిలో పేరుండేది. నిజమే, ఎక్కువే. ఆ కోపం ఎక్కడ పనికొచ్చిందో మాత్రం చెబుతాను.

అన్నం తింటేనే తిన్నట్టు

ముందు ఈ నేల సంగతి తెలుసుకోండి. ఇది వరి పండే చోటు. ఇక్కడ తిండంటే అన్నం. అన్నం కానిది ఎంత తిన్నా పలారం. పలారం తిన్నట్టు లెక్క కాదు.

మా అమ్మ శనివారం ఒంటిపూట ఉండేది. రాత్రి అన్నం ముట్టేది కాదు. ముట్టేది కాదు గానీ గిన్నెడు ఉప్మా, రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు అయ్యేవి. మర్నాడు పక్కింటావిడ అడిగితే, "రాత్రి ఏం తినలేదు పిన్నీ, నీరసంగా ఉంది" అనేది. అబద్ధం కాదు. ఆవిడకి అది నిజంగానే తినకపోవడం.

మీ ముందు కూర్చున్న మనిషి "ఏం తినట్లేదండి" అన్నప్పుడు మా అమ్మని గుర్తు తెచ్చుకోండి. ఆ మనిషి "అన్నం తినట్లేదు" అంటున్నాడు, అంతే. ఏం తిన్నారని అడగకండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం పడ్డాయో అడగండి. టీతో ఏమిటి, కబుర్లతో ఏమిటి, బస్సులో ఏమిటి అని అడగండి. అప్పుడు బయటికొస్తాయి జంతికలూ, కారప్పూసా.

మా ఆసుపత్రి డైరెక్టరు గారికి ఇది ఎప్పుడూ ఎక్కలేదు. మంచి సర్జను. చెయ్యి బంగారం. చెవి మాత్రం లేదు. "లావుగా ఉన్నవాళ్ళందరూ అబద్ధాలాడతారమ్మా. త్రాసు ఆడదు" అనేవారు. మనకి అడగడం రాకపోతే ఎదుటివాళ్ళని అబద్ధాలకోరులనడం ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు, అప్పటికి.

పనికొచ్చిన చోటు

స్నాక్స్ మీద నాకేదో పగ అనుకునేరు. లేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ కొట్టు నడిపే కోటేశ్వరరావు గారని ఉండేవారు. సాయంత్రం లారీల బేరం తెగేదాకా ఆయన కొట్లో బజ్జీలూ, మిక్చరూ ఆగేవి కావు. వచ్చిన ప్రతి వ్యాపారికీ ఒక ప్లేటు, మర్యాద కోసం ఆయనా ఒక ప్లేటు. మానెయ్యండి అంటే మానరు. మర్యాద పోతుంది.

"ఏవండీ, ప్లేటు మానొద్దు. ప్లేట్లో సరుకు మార్చండి" అన్నాను. నూనె లేని మరమరాలు, అందులో ఆయన కొట్టు ఉల్లిపాయే సన్నగా తరిగి, టమాటా, నిమ్మకాయ. పక్కన కీరదోస ముక్కలు. వ్యాపారులు మొదట వెక్కిరించారట, "ఏంటండి బాబూ, ఉల్లిపాయలు అమ్ముడుపోవట్లేదా, మాకే పెడతన్నారు" అని. తర్వాత అలవాటు పడ్డారు. కొన్ని నెలలకి ఆయన లాల్చీలన్నీ కుట్టు పట్టించాల్సొచ్చింది.

గుడ్డి కన్నా మెల్ల నయం కదా! బజ్జీ స్థానంలో మరమరాలు వచ్చాయి కాబట్టి తగ్గారు. బజ్జీతో పాటు మరమరాలు వస్తే తగ్గరు. తక్కువ కేలరీల చిరుతిండి గురించి నాకు తెలిసిన సారమంతా ఇదే. అది దేన్ని తోసేసి వచ్చిందో చూడండి. దేన్నీ తొయ్యకుండా వచ్చి కూర్చుంటే అది పై తిండే.

అక్క బరువు

ఇప్పుడు భూలక్ష్మి గారి సంగతి చెప్పాలి.

ముదినేపల్లి మనిషి. సొంత పొలం, సొంత చాకిరీ. ఆవిడ తమ్ముడు సత్తిబాబు మండవల్లి పక్కన చేపల చెరువులు చేసేవాడు. అతనికి రెండు కిడ్నీలూ పాడై, మా ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునేవాడు. భార్య నాగమణి తన కిడ్నీ ఇస్తానంటే రక్తం గ్రూపు కలవలేదు. అక్కది కలిసింది. భూలక్ష్మి గారు ఒక్క క్షణం ఆలోచించలేదు, ఇస్తానంది. విజయవాడ పెద్దాసుపత్రి డాక్టర్లు చూసి, ముందు బరువు తగ్గాలన్నారు. ఆ ఒంటితో, ఆ బీపీతో ఆపరేషన్ చేస్తే ఆవిడకే ప్రమాదమని తేల్చేశారు. తగ్గించే పని నా నెత్తిన పడింది.

తగ్గలేదు. వచ్చిన ప్రతిసారీ త్రాసు ముల్లు అక్కడే.

"ఏం తింటన్నానండీ! ఒక్కపూటే అన్నం. అదీ రాత్రే. పగలంతా ఉపోషమేనండి" అనేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆవిడ నటించట్లేదని నాకు తెలుస్తూనే ఉంది. కిటుకెక్కడుందో మాత్రం అందలేదు.

ఇంతలో డైరెక్టరు గారు ఊరుకోకుండా నాగమణితో, "త్రాసు అబద్ధమాడదమ్మా, మీ వదినగారు తింటోంది" అనేశారు. ఆ మాట చాలదూ? మొగుడు రోజురోజుకీ నల్లబడిపోతుంటే చూస్తున్న మనిషి నాగమణి. నా గదిలోకి వచ్చి, భూలక్ష్మి గారు వింటుండగానే అంది.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదండీ మేడమ్ గారూ. నోరు కట్టుకోలేక కాదండి. కట్టుకుంటే ఇవ్వాల్సొస్తదని కట్టుకోట్లేదు."

భూలక్ష్మి గారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఒక మనిషి ప్రేమని త్రాసులో పెట్టి తూచి, తక్కువుందని తేల్చేశారు. ఇంకా నయం, సత్తిబాబు ఆ మాట వినలేదు.

ఆ సాయంత్రమే డైరెక్టరు గారు నన్ను పిలిచి, "దాత సహకరించడం లేదని రాసివ్వండి. విజయవాడ వాళ్ళకి పంపేద్దాం. వాళ్ళ టైమూ మన టైమూ ఎందుకు వేస్టు?" అన్నారు.

అది రాస్తే ఆవిడని దాతల్లోంచి తీసేస్తారు. సత్తిబాబుకి ఇంకొకరు లేరు.

"రాయనండి" అన్నాను. "ఎందుకు తగ్గట్లేదో నాకింకా తెలియలేదు. తెలియంది నేను రాయను."

పక్కన కూర్చుంటే తెలిసింది

మర్నాడు సత్తిబాబుని మిషను మీద పడుకోబెట్టాక, నా గది వదిలేసి వెళ్ళి తమ్ముడికి తోడొచ్చి బయట హాల్లో ఉన్న భూలక్ష్మి గారి పక్కన కూర్చున్నాను. రోగి లోపల గంటల తరబడి ఉంటాడు. బయటివాళ్ళకి టీవీ చూడ్డం తప్ప పనుండదు. కాసేపటికి ఆవిడ సంచీలోంచి ఒక పొట్లం తీసి చింపింది. నూనె లేని మసాలా చిప్స్. నా ముందు పెట్టి, "తీసుకోండి మేడమ్ గారూ" అంది మొహమాటం లేకుండా.

"మీరు ఉపవాసం అన్నారుగా?"

"ఆయ్, ఉపోషమేనండి. ఇది తిన్నట్టు కాదుగా!"

ఆ పొట్లం అయింది. ఇంకోటి వచ్చింది, జొన్న పేలాలు. ఆ తర్వాత ఉప్పు చల్లిన తామరగింజల పేలాలు, అదే మఖానా. నేను లేచేలోగా ఆవిడ ఒళ్ళో ఖాళీ పొట్లాలు గలగలలాడాయి.

"మధ్యాహ్నం అన్నం ఎందుకు తినరమ్మా? క్యారేజీ తెచ్చుకోవచ్చుగా?"

ఆవిడ నావైపు వింతగా చూసింది. "ఎలా తింటానండీ? లోపల తమ్ముడు మిషను మీదుంటే, అక్క బయట కూర్చుని అన్నం కలుపుకు తింటందంటారు. నాగమణి ఏమనుకుంటది? ఇంటికాడున్న రోజైనా వాడు గుర్తొచ్చి పగలు నాకే ముద్ద దిగదు. ఇయ్యంటే కాలక్షేపం గదండీ."

ఎవరూ చూసి ఏమీ అనుకోకూడదని అన్నం మానేసింది. అన్నం కాదు కాబట్టి పొట్లాలు తింటోంది. పొట్లాలు నోటిని ఆడిస్తాయి గానీ కడుపు నింపవు. రాత్రి ఇంటికి వెళ్ళేసరికి పేగులు అరుస్తుంటాయి. "పగలంతా ఏం తినలేదుగా" అని పళ్ళెం నిండా పెట్టుకుంటుంది. అన్నీ తిని, ఏదీ తిననట్టే బతుకుతోంది పిచ్చితల్లి! పైగా ఆ పొట్లాల్లో ఉప్పెంత! బీపీ ఎందుకు దిగట్లేదో కూడా అప్పుడే అర్థమైంది.

పొట్లం వెనక చూశాను. కేలరీలు చాలా తక్కువ అని పెద్ద అక్షరాలు. చీమ తలకాయంత అక్షరాల్లో, అది ఒక్క వడ్డనకి అని. వాళ్ళ దృష్టిలో వడ్డనంటే గుప్పెడు. పొట్లం మొత్తం కాదు. పిల్లలూ, ముందు ఆ చిన్న అక్షరాలు చదవడం నేర్చుకోండి, పెద్దవి ఎవరైనా చదువుతారు.

"ఇవెక్కడ కొన్నారమ్మా?"

"మీ మందుల షాపులోనేనండి. మీ పేరే రాసుందిగా అక్కడ."

"నా పేరా?"

బోర్డు

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మా ఆసుపత్రి మందుల షాపు పక్కన కొత్తగా ఒక స్టాండు, దాని నిండా పొట్లాలు. పైన బోర్డు. "మా డైటీషియన్ మెచ్చిన చిరుతిండి. ఆకలేసినప్పుడల్లా తినండి, బరువు తగ్గండి." కింద నా పేరు. నేను ఆ వైపు వెళ్ళేదాన్ని కాదు. నన్నెవరూ అడగలేదు. ఆ పొట్లాలు డైరెక్టరు గారి బావమరిది ఏజెన్సీవని షాపు కుర్రాడు నసుగుతూ చెప్పాడు.

బోర్డు పీకాను. అది అట్ట, మధ్యకి చింపాను. సగం సగం రెండు చేతుల్లో పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

ఆయన చూసి, తలుపు వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు.

"ఏంటమ్మా ఇది? ఇక్కడ ఉద్యోగం చెయ్యాలనుందా లేదా?"

"ఉందండి. అందుకే చింపాను."

"అవి తక్కువ కేలరీలవే కదా! తప్పేముంది?"

"తక్కువవే అయ్యుండొచ్చు. ఆకలేసినప్పుడల్లా తినమని నా పేరు మీద ఎవరు రాశారండీ? ఆ మాట నమ్మి తింది భూలక్ష్మి. మనం అమ్మాం, ఆవిడ తింది. మళ్ళీ మనమే ఆవిడ దొంగతిండి తింటోందన్నాం. సహకరించనిది ఆవిడ కాదు. మనం."

ఆయన నాకిక ఓపీ గది అక్కర్లేదన్నారు. "రేపట్నుంచి వంటగది చూసుకోండి" అన్నారు. అది శిక్ష అని ఆయన ఉద్దేశం.

ఎంత పిచ్చి మనిషండీ! తిండితో వైద్యం చేసేదాన్ని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పడేస్తే చేప పిల్లని చెరువులో వేసి దండించినట్టే.

హాల్లో పళ్ళెం

వంటగదికి మారాక సత్తిబాబు మళ్ళీ డయాలసిస్‌కి వచ్చిన రోజే భూలక్ష్మి గారికి పళ్ళెం పెట్టాను. ఒక గరిటెడు అన్నం, అంతకు రెండింతలు ఆనపకాయ కూర, తోటకూర పప్పు, నూనె తేలని చేప పులుసులో ముక్క, ఉప్పు వెయ్యని మజ్జిగ. వంటగదిలో ఓ మూల కూర్చుని గుట్టుగా తినమంటే తినేదే. నేను అలా చెయ్యదలుచుకోలేదు. దాక్కుని తింటే దొంగతిండే అవుతుంది. పళ్ళెం పట్టుకుని సరాసరి డయాలసిస్ గది బయటి హాల్లోకి నడిచాను. నాగమణి అక్కడే ఉంది. ఇంకా నలుగురు రోగుల తాలూకు మనుషులున్నారు.

"భూలక్ష్మి గారూ, తినండి" అన్నాను.

ఆవిడ కుర్చీలో వెనక్కి జరిగింది. "ఇక్కడా? వద్దండి మేడమ్ గారూ, మీకు దణ్ణం పెడతాను."

నాగమణి లేచింది. "చూశారా అండీ! నే చెప్తే నమ్మలేదు మీరు."

"కూర్చోండి నాగమణి గారూ" అన్నాను, గట్టిగానే. "ఈవిడ తింటుంది. నేను తినమన్నాను. ఇన్నాళ్ళూ మీరేమనుకుంటారోనని పగలు అన్నం ముట్టలేదు. ఆ ఆకలికి మా షాపులో అమ్మిన గాలిపొట్లాలు తింది. అవి తింటే తగ్గుతారని మా ఆసుపత్రి బోర్డు పెట్టింది. తప్పు మాది. ఈవిడ అబద్ధమాడలేదు, మీ ఆయనకి ఇవ్వడం ఇష్టం లేకా కాదు. ఇవాళ్టి నుంచి ఈవిడ మీ అందరి ముందూ అన్నం తినే తగ్గుతుంది. ఇంకెవరైనా ఏమైనా అనాలంటే నన్నండి."

డయాలసిస్ గది తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీంచి సత్తిబాబు అంతా విన్నాడు. సన్నటి గొంతుతో నవ్వుతూ, "అక్కా, మన చెరువులో చేపలకి చిల్లులు పెట్టి తవుడు సంచులు కడతాం చూడు! రోజంతా పొడుచుకు తింటా పెరుగుతాయి. నీకు ఆసుపత్రోళ్ళు సంచి కట్టేశారు!" అన్నాడు.

ఒకావిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. భూలక్ష్మి గారు నవ్వుతూ ఏడుస్తూ ముద్ద కలిపింది. నాగమణి మాత్రం మొహం తిప్పుకుంది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

ఆ తర్వాత సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పగలు అన్నం తినడంతో రాత్రి ఆకలి దానంతటదే చల్లబడింది. పొట్లం చప్పుడు పోయింది. కూర్చున్న గంటల్లో ఆవిడని కాలవగట్టు మీద నడిపించాను. "లావు తగ్గడానికి అన్నం పెట్టే డాక్టర్ని మిమ్మల్నే చూశానండి" అనేది. డాక్టర్ని కాదమ్మా అంటే వినదు. నెమ్మదిగా, విసుగు పుట్టేంత నెమ్మదిగా తగ్గింది. బీపీ ముందు దిగింది, బరువు వెనకాల వచ్చింది. ఒక నెల అస్సలు కదల్లేదు. అప్పుడు ఇద్దరం భయపడ్డాం, కానీ పొట్లం జోలికి పోలేదు.

నన్నడిగితే ఇదే నా వృత్తి మొత్తం. తక్కువ కేలరీలు, ఎక్కువ కేలరీలు అన్నది సగం మాట. ఆ మనిషి ఎవరి ముందు తినగలదు, ఎవరి ముందు తినలేదు అన్నది రెండో సగం. అది ఏ పొట్లం మీదా రాసుండదు. దాన్ని తెలుసుకోకుండా చార్టు చేతిలో పెట్టి పంపేవాళ్ళు డైటీషియన్లు కారు, చార్టులు పంచేవాళ్ళు. బోర్డు మీద మీ పేరు రాయాలంటే ముందు మిమ్మల్ని అడగాలి. అడక్కపోతే చింపెయ్యండి. వంటగదికి పంపిస్తే వెళ్ళండి, అక్కడా పనుంటుంది.

విజయవాడ నుంచి వచ్చాక

సత్తిబాబు ఇప్పుడు బాగున్నాడు. చెరువు గట్ల మీద తిరుగుతున్నాడు. భూలక్ష్మి గారు కూడా ఊడ్పుల్లో కూలీలతో సమానంగా గొంతెత్తి అరుస్తోంది. అవన్నీ తర్వాత జరిగాయి. నాకు కళ్ళకి కట్టినట్టుండేది మాత్రం ఆపరేషన్‌కి ముందు ఒక మధ్యాహ్నం.

విజయవాడ డాక్టర్లు ఆవిడ బరువూ, బీపీ, పరీక్షలన్నీ చూసి సరేనన్నారు. ఆ కబురు చెప్పడానికి అక్కాతమ్ముళ్ళూ నాగమణీ నా వంటగదికే వచ్చారు. స్వీట్లు తెచ్చారు, నన్ను చూసి మళ్ళీ సంచీలో పెట్టబోయారు. తియ్యండి, ఇవాళ తినకపోతే ఇంకెప్పుడు తింటామన్నాను.

అందరం తింటుండగా నాగమణి ఉన్నట్టుండి కింద కూలబడి భూలక్ష్మి గారి కాళ్ళు పట్టుకుంది. "వదినగారూ, అనరాని మాటన్నాను. క్షమించానని ఒక్కమాట అనండి. లేకపోతే ఆ కిడ్నీ తీసుకునే మొహం లేదు మాకు" అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు. కాళ్ళు వెనక్కి తీసుకుని, నాగమణిని రెక్క పట్టి లేపింది.

"క్షమించానో లేదో నాకే తెలీదే నాగమణీ. అది తర్వాత చూసుకుందాం" అంది. "కానీ ఒకటి విను. నువ్వా మాట అనకపోయినా వాడికి ఇచ్చేదాన్ని. నువ్వన్నాక కూడా ఇస్తన్నాను."